రికార్డు మీది గీత

మా ఆయన కరుణాకర్‌రావుకు భైంసాలో పత్తి వ్యాపారం. పెళ్లినాటికే ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు రికార్డు ఉంది. అట్ట మీద జుట్లు పెంచుకున్న నలుగురు తెల్లవాళ్లు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు, డెబ్బై ఒకటిలో కొన్నాడట. ఆదివారం నాతో నాలుగు మాటలు మాట్లాడడానికి తీరిక ఉండదు గానీ, ఆ నలుగురి ముందు మాత్రం పూటంతా కూర్చుంటాడు.

"తర్వాత మస్తు రికార్డులు తీసిండ్రు గని మొదట్లదే అసలుది. గా జోరు మళ్ల రాలే," అంటాడు.

రికార్డు మీద ఒక గీత ఉంది. మూడో పాటలో ముల్లు అక్కడికి రాగానే ఒక ముక్క ఎగిరిపోయి పాట ముందుకు దూకుతుంది. కూనిరాగం తీసేటప్పుడు కూడా ఈయన అక్కడ దూకుతాడు. పాపం, గీత పడ్డదానితో ఎంతకాలమని, నిజామాబాద్ పోయినప్పుడు వెతికి వెతికి అవే పాటల క్యాసెట్ కొనుక్కొచ్చాను. "దీంట్ల మజా లేదు," అని బీరువాలో పడేశాడు.

ఎనభై ఎనిమిదిలో ఆయన స్నేహితుడు దామోదర్‌రావు గృహప్రవేశానికి కరీంనగర్ పోయాం. పాత క్లాసుమేట్లంతా చేరారు. భోజనాలయ్యాక దామోదర్‌రావు టేపులో అవే పాటలు పెట్టాడు. మూడో పాటకు మా ఆయన గొంతు కలిపాడు. ఆ క్లాసుమేట్లలోనే సరళాదేవి అని, ఇప్పుడు కాలేజీ లెక్చరర్, ఆమె కూడా కలిపింది. ఆ చోటికి రాగానే ఇద్దరూ ఒక్కసారే దూకారు. టేపులో వాళ్లు మాత్రం నిదానంగా పాడుకుంటూ పోతున్నారు.

"ఇంక గా రికార్డే వింటున్నవా నువ్వు?" అని ఆమె నవ్వింది. ఈయనా నవ్వాడు. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆయనను 'నువ్వు' అని ఎరుగను. ఆ నవ్వూ ఎరుగను.

తిరుగు బస్సులో అడిగాను. "గా గీత ఎట్ల వడ్డది?"

కిటికీ వైపు తిరిగి చెప్పాడు. "సరళ చెయ్యి తగిలి ముల్లు జారింది. పాత ముచ్చట, ఇడిసిపెట్టు."

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. రికార్డు పగలగొడదామనుకున్నాను. ముక్కలు కూడా దాచుకుంటాడని మానుకున్నాను.

ఆదివారం ఆయన కంటే ముందే నా క్యాసెట్ తీసి పెట్టాను. మూడో పాటలో ఆయన ఎప్పటిలాగే దూకాడు. క్యాసెట్ దూకలేదు. గతుక్కుమని, లేచి ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"కూసోండ్రి," అన్నాను. "ఒక్కసారన్న నాతోని సాంతం వినుండ్రి."