పోయినేడాది కార్డు

అమెరికన్ మాజాంగ్ అనే పలకల ఆటలో ఏ టైల్స్ ఎలా కూడితే గెలుపో చెప్పే కార్డు ఒకటుంటుంది. అది ఏటా వసంతంలో మారిపోతుంది, పాత గెలుపులు ఇక చెల్లవు. పోయినేడాది కార్డు నాకు కంఠతా వచ్చు. లాక్‌డౌన్ మొదట్లో మా ఎష్‌బోర్న్ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం స్క్రీన్ మీద ఆడుతుంటే నన్ను ఓడించిన మనిషి లేదు.

పై అంతస్తు లీలకి ఆట నేర్పిందీ నేనే, మొన్న మార్చిలో. కొత్త కార్డు రాగానే అందరినీ ఓడించడం మొదలుపెట్టింది.

నిన్న నా టైల్స్ చక్కగా కుదిరాయి. గెలిచేశానని ధీమాగా "మాజాంగ్" అన్నాను.

"రమామణి ఆంటీ, అది లాస్ట్ ఇయర్ కార్డులోది కదా" అంది లీల మెత్తగా. ఆ మెత్తదనానికే ఒళ్లు మండింది.

"నీకింత తొందరగా ఎలా వచ్చిందే?"

"నాకు మర్చిపోవడానికి పాతదేం లేదు కదాంటీ."

ఇవాళ మాస్క్ పెట్టుకుని మెట్లెక్కాను. పులిహోర డబ్బా, దాని మీద నా పాత కార్డు ఆమె గుమ్మంలో పెట్టి, బెల్ కొట్టి, దూరంగా నిలబడ్డాను.

"ఆటకి పునాదంతా ఇందులోనే ఉందమ్మా" అన్నాను తలుపు తీసిన లీలతో. "బాగా కంఠతా పట్టు. ఒక్క వరస కూడా మర్చిపోకు."