నెస్గచల ఏ ఒడ్డుకు

ఆ వేసవిలో జబూలి నెస్గచల ఏటిని కొలవడానికి రావడం అది మూడోసారి. అక్కడివాళ్లు దాన్ని ఉత్తి చల అంటారు. జూన్‌లో గీసుకెళ్లిన పటం జూలైకి పనికిరాలేదు. జూలైలో గీసింది ఆగస్టుకి చెల్లలేదు. పైన మంచుకొండ కరిగేకొద్దీ ఏరు తెచ్చిపోసే రాళ్లూ, ఒండ్రూ ఎక్కువవుతున్నాయి. నిన్న నిండుగా పారిన పాయ ఇవాళ మేటవేసి ఎండిపోతే, ఇంకోచోట కొత్తది తెగుతోంది. పట్నంలో ఆఫీసులో కూర్చున్న పెద్దాయనకి మాత్రం ఒక్క పటమే కావాలి. ఏరు ఎక్కడుందో మీరు తేల్చండి, కరకట్ట ఎక్కడ కట్టాలో మేం తేలుస్తాం అన్నాడు ఫోన్లో. సరేనండీ అని పెట్టేసింది జబూలి. వాదించే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది.

ఆమెకు యాభై దాటి చాలా కాలమైంది. చదువయ్యీ అవగానే ఏర్ల ఆఫీసులో చేరి, అప్పటినుంచీ వేసవులన్నీ మంచునీళ్లలో నిలబడే గడిపింది. కుడి మోకాలు మెట్లు దిగనివ్వదు. ఈ వసంతంలో కుర్చీ పని ఇమ్మని అడిగింది. చలను నీకంటే ఎరిగినవాళ్లు ఎవరున్నారని మెచ్చుకుని, మళ్లీ చల మీదకే పంపారు. వెంట వచ్చేది ఎప్పటిలాగే తరస్బి. జబూలి ఒడ్డునో లంక మీదో ఎత్తుపల్లాలు చూపే లెవెల్ యంత్రం నిలబెట్టి చూస్తుంటే, అతను ఛాతీ దాకా రబ్బరు తొడుగు వేసుకుని, కొలబద్ద పట్టుకుని నీళ్లలో నిలబడాలి. జీపు నడిపేదీ అతనే, పనంతసేపూ సణిగేదీ అతనే.

నెస్గరి ఊరు చలకు రెండు వైపులా ఉంటుంది. కుడి ఒడ్డున చర్చి, పాత బురుజులు, ఊళ్లో చాలా ఇళ్లు, కపిటోన్ అనే రైతు బంగాళాదుంప మళ్లు. ఎడమ ఒడ్డున మిగిలింది ఒక్క ఇల్లే. అందులో కపిటోన్ అక్క ఎతున ఉంటుంది. భర్త ముర్జకాన్ పోయాక తన ఆవులతో ఒంటరిగా ఉంటోంది. ఆమె పెళ్లయి ఆ ఒడ్డుకు వెళ్లిన రోజుల్లో చల ఒక్క పాయగా పారేదట, పెళ్లివాళ్లు రెండు దుంగలు పడేసి దాటారట. ఇప్పుడు అటునుంచి ఇటు రావాలంటే ఎగువన ఉన్న వంతెనదాకా నడిచి, చుట్టు తిరిగి రావాలి.

కరకట్టకు మంజూరైన డబ్బు ఒక ఒడ్డుకే సరిపోతుంది. ఒకవైపు గోడ కడితే నీళ్లు రెండోవైపు కొడతాయన్న సంగతి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని జబూలి వాళ్లు కుడి ఒడ్డున పనిచేసిన రోజు కపిటోన్ భార్య వేడివేడిగా మాంసం కూరిన కుబ్దారి రొట్టెలు పంపేది. ఎడమ ఒడ్డుకు వెళ్తే ఎతున జున్ను కలిపి సాగదీసిన బంగాళాదుంప ముద్ద వడ్డించి, రాకీ సారా సీసా ముందు పెట్టేది. ఈ గోడ సంగతి ఇంకో పదేళ్లు తేలకుండా ఉంటే బాగుండును, ఇంత తిండి నాకు మా అత్తారింట్లో కూడా దొరకలేదు అనేవాడు తరస్బి.

అక్కాతమ్ముళ్లు చెరో ఒడ్డున నిలబడి తిట్టుకోవాలన్నా చల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. కాబట్టి చెప్పాల్సిందంతా జబూలికే చెప్పేవాళ్లు.

"వాడు చిన్నప్పుడు ఇదే చలలో పడితే జుట్టు పట్టుకుని లాగింది నేను" అనేది ఎతున. "ఆ రోజు వదిలేసుంటే ఈ రోజు గోడ గొడవే ఉండేది కాదు."

"మా అక్కకి గోడెందుకు? ఆవిడ నోటికి జడిసి చలే పక్కకి తిరుగుతుంది" అనేవాడు కపిటోన్.

ఇద్దరి మాటలకూ జబూలి నవ్వి ఊరుకునేది. నిజానికి ఆమెకు నవ్వు వచ్చేది కాదు. ఎడమ ఒడ్డున ఏటి గర్భం ఏటేటా రాళ్లతో పైకి లేస్తోంది. ఎతున ఇంటి వెనక ఎప్పటిదో పాత పాయ గుంట ఒకటి ఉంది, దురదగొండి మొక్కలు మొలిచి పూడినట్టు కనిపిస్తుంది. లెవెల్ పెట్టి చూస్తే ఏటి గర్భం కంటే ఆ గుంటే పల్లంలో ఉంది. ముందు గోడ కట్టినా సరే, నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు వెనకనుంచి వస్తాయి. ఈ సంగతి జబూలికి కొత్తగా తెలిసింది కాదు. ఎతున అడిగినప్పుడల్లా, వచ్చే ఏడాది ఎలా ఉంటుందో చూద్దాం ఎతునక్కా అని దాటేస్తూ వచ్చింది.

ఆ ఆగస్టులో వచ్చిన రెండోరోజు గాలి వేడిగా వీచింది. మంచుకొండ ఏటిలో పని పొద్దున్నే కావాలి. రాత్రి చలికి కరగడం తగ్గి, తెల్లారేసరికి నీళ్లు దిగివుంటాయి. మధ్యాహ్నానికి మళ్లీ పొంగుతాయి. జబూలి నడిమి లంక మీద యంత్రం పెట్టుకుని, ఎడమ పాయ ఒక్కటీ అయిపోతే మళ్లీ రేపు దిగక్కర్లేదని కొంచెం ఎక్కువసేపే ఉండిపోయింది. తరస్బి రెండుసార్లు ఆకాశంకేసి చూపించాడు. ఇంకొక్కటి అన్నా, ఇంకొక్కటి అంటూ ఆమె అద్దంలోంచి తల ఎత్తలేదు.

తల ఎత్తేసరికి నీళ్ల రంగు మారిపోయింది. బూడిదరంగు నీళ్లు నల్లబడ్డాయి. నీళ్లడుగున రాళ్లు దొర్లే చప్పుడు పాదాల్లోకి తెలుస్తోంది. అంచున పాతిన గుర్తుకర్ర కనపడలేదు. జబూలి యంత్రాన్ని విప్పి భుజాన వేసుకుని, ముక్కాలి స్టాండు చేత్తో పట్టుకుని, దగ్గరగా ఉన్న ఎడమ ఒడ్డుకేసి దిగింది. నడుం దాకా నీళ్లు. కాళ్లకింద ఇసుక జారిపోతోంది. ఆమె ఎలాగో గట్టు చేరింది కానీ వెనకాల వస్తున్న తరస్బి ఒక్క అడుగు తప్పి పడిపోయాడు. కొలబద్ద కొట్టుకుపోయింది. అతని రబ్బరు తొడుగు నీళ్లతో నిండి మనిషిని కిందికి లాగుతోంది. ఒక బండరాయిని కౌగిలించుకుని ఆగాడు. జబూలి బోర్లా పడుకుని స్టాండు కాలు అందించింది. లాగే బలం ఆమెకు లేదు, వదిలే ధైర్యమూ లేదు. చేతులు తెగిపోతాయనుకుంటున్న సమయంలో పైనుంచి గడ్డిమోపుల తాడు ఒకటి వచ్చి తరస్బి మీద పడింది. గట్టు మీద ఎతున నిలబడి ఉంది. తాడు రెండో కొస ఆవు కొమ్ములకి కట్టి, ఆవు వీపు మీద చరుస్తోంది.

ముగ్గురూ పెరట్లోకి వచ్చి కూర్చున్నారు. తరస్బి వణుకుతూ, ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఆవు కాపాడింది, ఈ మాట ఇంట్లో చెప్పొద్దు తల్లీ అన్నాడు. ఎతున అతనికి ముర్జకాన్ కోటు కప్పి, రాకీ పోసింది. జబూలి అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. నా వల్లే అన్నా అంది. నీ వల్లేలే అని ఒప్పుకుని అతను గ్లాసు ఖాళీ చేశాడు.

అప్పుడే ఇంటి వెనక దురదగొండి మొక్కలు కదలడం మొదలుపెట్టాయి. గాలికి కాదు. వాటి మొదళ్లలోంచి సన్నగా నీళ్లు వస్తున్నాయి. కాసేపటికే పాత గుంట నిండి పారడం మొదలైంది. ముందు చల, వెనక కొత్త పాయ. ఇల్లు లంకలో పడింది.

కుడి ఒడ్డునుంచి కపిటోన్ ఇదంతా చూశాడు. వంతెన మీదుగా చుట్టు తిరిగి, ఎద్దులనీ, వాటికి కట్టిన కర్రబండినీ తోలుకుని, వెనక పాయ ఇంకా తొడలోతు ఉండగానే దాటి వచ్చాడు. తడిసిన బట్టలతో పెరట్లో నిలబడి అక్కకేసి చూశాడు. ఇన్నాళ్లూ దాచుకున్న మాటలేవీ అనలేదు.

"అక్కా, పద" అన్నాడు అంతే.

ఎతున కదల్లేదు. తమ్ముడికేసి చూడకుండా జబూలి వైపు తిరిగింది.

"ఇవాళ వచ్చిన నీళ్లు రేపు పోతాయి, నాకు తెలుసు. నేనడిగేది అది కాదు. ఈ ఇల్లు ఉంటుందా, ఉండదా? చూద్దాం అనకు."

జబూలికి ఒళ్లంతా నొప్పిగా ఉంది. కళ్లు మూసుకుంటే అక్కడే నిద్రపోయేలా ఉంది. ఇలాంటి గుమ్మాల ముందు, ఇలాంటి ప్రశ్నకి, ఎన్ని ఊళ్లలో ఎన్ని రకాలుగా తప్పించుకుందో ఆమెకు గుర్తొచ్చింది. ఈసారి తప్పించుకోవడానికి కూడా ఓపిక లేదు.

"ఉండదు ఎతునక్కా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. ముందువైపు గోడ కట్టించినా వెనకనుంచి ఇలాగే వస్తుంది."

"నీకెప్పుడు తెలుసు?"

"రెండేళ్లయింది."

ఎతున తల ఎత్తి ఇంటి కప్పుకేసి చూసింది. ఆ కప్పు మీద రేకులు కొత్తవి, ఇంకా మెరుస్తున్నాయి.

"కిందటేడు వేయించాను" అంది. "రెండు ఆవుల్ని అమ్మి వేయించాను. నువ్వు ఆ రోజు ఇక్కడే కూర్చుని, బాగున్నాయి ఎతునక్కా అన్నావు."

చెప్పడానికి నోరు రాలేదు అక్కా, అలసిపోయాను అంది జబూలి. ఎతున ఆ మాట విని తల ఊపింది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

"నువ్వు అలసిపోతే ఇంటికెళ్లి పడుకుంటావు" అని లేచింది.

లోపలికి వెళ్లి, పొయ్యి మీద వేలాడే, ఇంటికి ప్రాణంగా చూసుకునే ఇనప గొలుసు విప్పి కొంగులో చుట్టుకుంది. ఉప్పు జాడీ, పరుపు, భర్త ఫొటో బండిలో పెట్టింది. తమ్ముడు బండెక్కమంటే ఎక్కలేదు. ఎద్దు తోక పట్టుకుని, ఆవుల్ని ముందు తోలుకుంటూ నీళ్లలో నడిచే దాటింది. మధ్యలో కాలు తూలినప్పుడు కపిటోన్ చెయ్యి పట్టుకోబోతే, ఎద్దుని చూసుకోరా ముందు అని విదిలించుకుంది. జబూలీ, తరస్బీ వాళ్ల వెనకే దాటారు.

ఆ ఏడు ఇల్లు పోలేదు. తెల్లారేసరికి నీళ్లు దిగిపోయాయి, గుంట మళ్లీ ఎండింది. ఎతున మనుషుల్ని పెట్టి కొత్త రేకులూ, తలుపులూ, పలకలూ ఊడదీయించి, మంచు పడేలోపు తమ్ముడి స్థలంలో ఓ గది వేయించుకుంది. మరుసటి వసంతంలో వరద వచ్చి మిగిలిన గోడల్ని ఒక మూలనుంచి తినేసింది.

జబూలి ఆఫీసుకి ఒక్క పటమే పంపి ఊరుకోలేదు. ఆ వేసవిలో గీసిన మూడు పటాలనూ ఒకదానిమీద ఒకటి వేసి పంపింది. ఎడమ ఒడ్డున గోడ దండగ, కుడి ఒడ్డున కట్టేదైనా ఏటికి చోటు వదిలి వెనక్కి జరిపి కట్టాలి అని రాసింది. పెద్దాయన ఫోన్ చేసి గంటసేపు కోప్పడ్డాడు. వెనక్కి జరిపితే కపిటోన్ దిగువ మడి గోడ అవతల పడుతుందని, ఊళ్లో ఒప్పుకోరని అన్నాడు. నేనే వెళ్లి చెప్తాను అంది జబూలి. కుర్చీ పని మళ్లీ అడగలేదు. అడిగినా ఇవ్వరని ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు జూన్ చివర్లో మళ్లీ నెస్గరి వచ్చింది. కపిటోన్ ఇంటి ముందు అక్కాతమ్ముళ్లిద్దరూ ఆవుల్ని ఎక్కడ కట్టాలన్న దానిమీద తగువాడుకుంటున్నారు. ఇప్పుడు ఒకరి మాట ఒకరికి చక్కగా వినపడుతోంది, ఇరుగుపొరుగుకి కూడా. జబూలిని చూసి ఎతున లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి పళ్లెం తెచ్చి తరస్బి ముందు పెట్టింది. జబూలి ముందు ఏమీ పెట్టలేదు. తరస్బి తన పళ్లెంలోంచి సగం రొట్టె తుంచి జబూలి వైపు తోశాడు. ఎతున చూసీ చూడనట్టు ఊరుకుంది.

జబూలి తినకుండానే విషయం చెప్పింది. గోడ ఎక్కడ రాబోతోందో, దిగువ మడి ఎందుకు దక్కదో. కపిటోన్ ముఖం మాడ్చుకుని, ఆ మడి మా తాత రాళ్లేరి చేసిందని మొదలుపెట్టాడు. ఎతున మధ్యలో అడ్డుపడింది.

"తాత సంగతి తర్వాత. ఎగువ మడి దాకా వస్తుందా?"

"రాదు" అంది జబూలి. "నేను బతికుండగా రాదు. ఆ తర్వాతది చెప్పలేను."

"ఇప్పుడు వేసిన దుంపలు?"

"ఆగస్టు వేడి మొదలయ్యేలోపు తవ్వేసుకోండి. చిన్నవైనా సరే."

ఎతున తమ్ముడికేసి చూసింది. విన్నావుగా అంది. అతను గొణుక్కుంటూ పార పదునుపెట్టడానికి వెళ్లాడు. ఎతున అరుగు మీద, జబూలికి కొంచెం ఎడంగా కూర్చుని, మోకాలికి పూసుకోవడానికి ఎలుగుబంటి కొవ్వు ఏమైనా దొరుకుతుందా మీ పట్నంలో అని అడిగింది. నాకూ కావాలి అక్కా, నేనూ వెతుకుతున్నాను అంది జబూలి.

నీళ్లు ఇంకా పొంగలేదు. తరస్బి అప్పటికే కొత్త కొలబద్ద తీసి, రబ్బరు తొడుగులోకి కాళ్లు దూర్చుకుంటున్నాడు. జబూలి అరుగు మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి, యంత్రం భుజానికెత్తుకుని చల వైపు దిగింది.