మెరకెక్కిన అరుగు

పెర్లిటా రోజూ పొద్దున్నే మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి తీసి, గుడ్డ పట్టుకుని అరుగు తుడవడానికి బయటికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పొగమంచుకి బల్లలు తడవని రోజుండదు. ఆవిడ రొట్టెల కొట్టు ముందు రెండు కార్లు ఆగే చోట, వీధి వాళ్లంతా కలిసి వేసుకున్న చెక్క అరుగు అది. రెండు బల్లలు, నాలుగు పూలకుండీలు. ఎవరైనా కూర్చోవచ్చు, ఏమీ కొనక్కర్లేదు.

ఒక సోమవారం చూస్తే, ఎవరూ కదపకుండానే అరుగు ఆ ఏటవాలు వీధిలో నాలుగిళ్లు ఎగువన ఉంది. మర్నాడు ఇంకాస్త పైకెళ్లింది. కార్ల వాళ్లు దానికి దారి వదిలారు. కాఫీకొచ్చినవాళ్లు "ఇవాళ ఎక్కడుంది?" అని అడిగి, కప్పులు పట్టుకుని అక్కడికే నడిచారు. పెర్లిటాకి మాత్రం ఒళ్లు మండింది. కొట్టు ముందు సందడంతా పోయింది. మరిదిని పిలిచి, తాళ్లు కట్టించి కిందికి లాగించింది. తెల్లారేసరికి అది మళ్లీ ఎగువనే.

చివరికి మెరక మీద నీలం ఇంటి ముందు ఆగి, ఇక కదల్లేదు. పెర్లిటా రొట్టెల బుట్ట చంకనెట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ ఎక్కింది. ఆ ఇంటి మెట్ల మీద మోయ్ గారు నిలబడి ఉన్నారు. ఒకప్పుడు రోజూ కొట్టుకొచ్చే ముసలాయన. వెనక గదిలో కట్టిపెట్టిన అట్టపెట్టెలు కనిపించాయి.

"పెద్దాయనా, మా వైపు రావడమే మానేశారేం?"

"ఈ మోకాళ్లతో మెరక దిగలేనుగా. కారులో వద్దామంటే, నేను పెట్టుకునే చోట మీరు బల్లలేసుకున్నారు."

కోపంగా కూడా అనలేదాయన. నెలాఖరుకి మేనల్లుడొచ్చి తన ఊరు శాక్రమెంటోకి తీసుకెళ్తాడనీ, మాటా పలుకూ లేకుండా ఇక్కడ ఉండి చేసేదేముందనీ చెప్పారు.

ఆయన రావట్లేదని పెర్లిటా ఇన్నాళ్లూ గమనించనైనా లేదు. చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, బల్ల మీద కూర్చోబెట్టి, వేడి రొట్టె చేతిలో పెట్టింది. అక్కడ కాఫీ తాగుతున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. కబుర్లు మధ్యాహ్నం దాకా సాగాయి.

మర్నాడు షట్టరెత్తేసరికి అరుగు కొట్టు ముందుంది. దాని మీద దుప్పటి కప్పుకుని మోయ్ గారు.

"ఇంత ఆలస్యంగా తెరిస్తే ఎలాగమ్మాయ్?" అన్నారు.

అప్పట్నుంచి ఆయన్ని పొద్దున కిందికి దించడం, మధ్యాహ్నం ఇంటికి చేర్చడం అరుగు పనైంది.

నెలాఖరుకి మేనల్లుడు రానే వచ్చాడు. కారు పెట్టే చోటు దొరక్క వీధి చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు. మళ్లీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, మోయ్ గారు రొట్టె పట్టుకున్న చెయ్యే ఊపారు.

"నేను రావట్లేదురా. చోటు దొరికితే నువ్వే వచ్చి కూర్చో."