పన్నునొప్పి దాచిన మనిషి

నవువా అనే ఊళ్ళో వరి పండించే యోగేంద్రకు నలభై ఒకటో ఏటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. చిన్నప్పుడు కీళ్ళవాపుతో వచ్చిన జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసిందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. దాన్ని మార్చే విదేశీ డాక్టర్ల బృందం రాజధాని సువాలోని ఆసుపత్రికి ఏడాదికోసారి వచ్చి, రెండు వారాలుండి పోతుంది. కిందటేడు సరిగ్గా ఆపరేషన్ ముందురోజు జ్వరం తగిలిందని అతన్ని ఇంటికి పంపేశారు. ఈ 1994లో మళ్ళీ పేరొచ్చింది. పేరొచ్చిన వారానికే వెనక దవడపన్ను సలపడం మొదలుపెట్టింది.

వార్డులో నర్సు బసంతి కాగితం పట్టుకుని అడిగింది. "ఏ మందులు తింటావ్ భయ్యా? జ్వరం ఉందా? పళ్ళు బాగున్నాయా?"

"అన్నీ ఠీక్," అన్నాడు యోగేంద్ర.

పక్కనే కూచున్న భార్య గంగ తల దించుకుంది. నర్సు వెళ్ళాక, "చెప్పెయ్యండి," అంది మెల్లగా.

"చెప్తే పంపేస్తారు. మళ్ళీ వచ్చే సాల్ దాకా నేను ఉంటానా?"

అతను ఇంకో లవంగం బుగ్గన పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం డాక్టర్ సత్యేంద్ర వచ్చి రోగులందరినీ ఒకచోట కూచోబెట్టాడు. "దాచొద్దు. పుచ్చిన పన్నుంటే అందులోని క్రిములు రక్తంలో పడి కొత్త కవాటం మీద కూచుంటాయి. అప్పుడు గుండె మళ్ళీ తెరవాలి. రెండోసారి చాలామంది బతకరు."

యోగేంద్రకు నోరు తెరిస్తే ఒక చావు, మూస్తే ఇంకొకటి. డాక్టరు గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. గంగ భర్త మోచేయి పట్టుకుంది.

"డాక్టర్ సాబ్," అన్నాడతను. "నాకు పన్ను నొప్పి. తొమ్మిది రోజులైంది."

డాక్టరు వెనక్కొచ్చి, టార్చి వేసి నోట్లోకి చూశాడు. చిగుళ్ళ కింద చీము పట్టింది. గురువారం ఆపరేషన్ల పట్టీలోంచి యోగేంద్ర పేరు కొట్టేసి, వునిమోలి అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె పేరు రాశారు.

"మరి నేను?"

"పన్ను పీకిస్తాం, సూదిమందు ఇస్తాం. బృందం ఉండే చివరి రోజుకి రక్తం శుభ్రంగా ఉంటే చూస్తాం. మాట ఇవ్వలేను భాయ్."

ఆ సాయంత్రమే పన్ను పీకేశారు. తర్వాత ఎనిమిది రోజులు పొద్దున్నే రక్తం తీసుకునేవారు, పూటపూటకీ థర్మామీటరు పెట్టేవారు. ఒకరోజు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. గంగ తిండి మానేసి కూచుంది. మర్నాటికి చల్లబడింది. బృందం సామాన్లు సగం పెట్టెల్లోకి ఎక్కాయి. చివరి శుక్రవారం పొద్దున ఆరింటికి బసంతి స్ట్రెచర్ బండి తోసుకొచ్చి, "పద భయ్యా, ఈ రోజు నీదే," అంది.

కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం. అరవబోయాడు, మాట రాలేదు. చేతులు కొట్టుకుంటుంటే బసంతి పట్టుకుంది.

"భయపడకు. గొట్టం ఉన్నంతసేపు మాట రాదు, రేపు తీస్తారు. కవాటం మార్చారు. వినబడితే నా చెయ్యి నొక్కు."

నొక్కాడు. బసంతి తలుపు దగ్గరికెళ్ళి గంగను పిలిచింది.