భాలు కడుపులో పుండు

కొండమీది పశువైద్యశాలకు తాళం వేసి మైదానంలో చల్లగా కూర్చున్న పెద్దలారా! అరకు కొండల్లో రమణి కుక్క చేత నెత్తురు కక్కించింది మీరే.

రమణి చేలోని చోళ్లు, అదే రాగులు, ఇంటికి చేరాలంటే అడవిపందులను తరిమేవాళ్లుండాలి. ఆ పని ఆమె కుక్క భాలుది. భాలు అంటే ఒడియాలో ఎలుగుబంటి; అలా నల్లగా ఉంటుందని ఆ పేరు. మొన్న పంది కోర తగిలి భాలుకు కాలు కుంటుపడింది. ఆసుపత్రికి వెళ్తే తాళం. చేసేదిలేక రమణి సంతరోజున మందులకొట్టు సన్యాసిరావును అడిగింది.

"మనకి పనిచేసింది కుక్కకి పనిచెయ్యదేటి? రోజూ మింగించు," అంటూ ఆయన మోకాళ్లనొప్పుల మాత్రలు చేతిలో పెట్టాడు.

కుంటు తగ్గింది. తిండీ తగ్గింది. ఒక ఉదయం భాలు గడపలో కాఫీపొడి లాంటిది కక్కింది. కాఫీపండ్లు ఒలిచే రోజులు, వాకిలినిండా తొక్కే. రమణి మగడు ఫల్గుణ తేల్చేశాడు. "తొక్కు మేసీసింది. కట్టేసి మాత్రెయ్యి, అదే సర్దుకుంటాది."

కట్టేశారు. మాత్రా వేశారు. భాలు మళ్లీ కక్కి, లేవలేక పడిపోయింది.

మేకలకు టీకాలు వెయ్యడానికి ఆ రోజే ఊరికొచ్చిన డాక్టరు సాహితి వాంతిని పుల్లతో కదిపి చూసింది. "ఏం మింగించారమ్మా?"

రమణి మాత్రల అట్ట చూపించింది.

"అయ్యో! ఇది నెత్తురు. కడుపులో నిలిచి నల్లబడింది. ఈ మాత్రలకి లోపల పుండు పడింది. ఇంకొక్కటి కూడా వెయ్యకండి."

"నానే సంపుకున్నానా డాక్టరమ్మా?"

"బతుకుతుంది. కడుపులో ఆమ్లం ఊరడం తగ్గితే పుండు మానుతుంది."

"దానికీ మాత్రేనేటి? ఏసింది ఏసినట్టు కక్కేత్తంది!"

"సూదుంది. ఒకసారి కండలో వేస్తే మెల్లగా కరుగుతూ వారం దాకా పనిచేస్తుంది. ఇన్ని కొండలకి నేనొక్కదాన్నే, రోజూ ఎలా ఎక్కను?"

"ఐతే బేగి పొడిసెయ్ తల్లీ!"

"నా దగ్గర లేదమ్మా. విశాఖ నుంచి రావాలి."

రమణి భాలు తలను ఒళ్లో పెట్టుకుంది. సాహితి భాలుకు సెలైను పెట్టి, ఫోన్లమీద ఫోన్లు చేసింది. మరునాడు విశాఖ నుంచి కొండెక్కే కిరండూల్ రైల్లో మందు వచ్చింది. సూది పడింది. ఆ సాయంత్రం వాంతి లేదు. రమణి కుక్క పక్కనే గోడకు చేరగిలబడి, అక్కడే నిద్రపోయింది.

వారం తిరిగి రెండో సూదికి సాహితి వచ్చేసరికి భాలు ఫల్గుణ ఎండుచేపను నోట కరుచుకుని పారిపోతోంది.

"దీనికేటి రోగం డాక్టరమ్మా, రోగం నాకొచ్చీలా ఉంది!" అని ఫల్గుణ అరిచాడు. రమణి కడుపు పట్టుకుని నవ్వింది.

సంతలో ఆమె సన్యాసిరావును నిలదీసింది. "నీ మాత్ర నా కుక్కని సంపబోయింది బాబూ!"

ఆయన తలొంచుకున్నాడు. "తెలీకిచ్చానమ్మా. డాక్టరుంటే నా కాడికెందుకొత్తావు?"

విన్నారా పెద్దలారా? మనిషి నొప్పిమాత్రను పశువుకు అమ్మడం ఈ రోజే ఆపించండి. ప్రతి సంతరోజునా పశువుల డాక్టరును సంతలోనే కూర్చోబెట్టండి, ఆ సూదిమందును ఆమె పెట్టెలో ఉంచండి. ఎప్పుడో అంటే ఒప్పుకోం. వచ్చే సంతకే!