ఒక్క వంకైనా

"పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నది అత్త కొండమ్మ. "రొట్టె మందమైంది" అన్నాడు మామ గోపయ్య. భర్త అనంతయ్య కంచం అవతలికి జరిపాడు. అనడంకంటే అది ఎక్కువ. రేణుకమ్మ వంటకు వంక పెట్టడంలో శంషాబాద్‌లోని ఆ ఇంట్లో ఎవరికి ఎవరూ తీసిపోరు.

అనంతయ్య బడిపంతులు. పగలంతా ఉర్దూలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో కథలు రాసేవాడు. పట్నంలోని పత్రికకు పంపే ముందు, తెల్లవారి జొన్నలు విసురుతున్న భార్య పక్కన పీట వేసుకుని చదివేవాడు. ఆమె రాయి ఆపేది.

"కథల ఆమె వడ్లు దంచుకుంట గా పాట ఎట్ల పాడుతది? రోకలి ఎత్తితె ఊపిరి తెగుతది. అది విసుర్రాయి పాట."

"నీకేం తెలుసే?" అని ఆయన ఒళ్లు మండి లేచిపోయేవాడు. మర్నాటికి కథలో పాట మారేది. అచ్చయ్యాక పట్నం మిత్రులు, పల్లె బతుకును పంతులులా పట్టుకున్నవాడు లేడని మెచ్చుకునేవారు. ఆ మెప్పులో వాటా అడగాలని రేణుకమ్మకు ఎన్నడూ తోచలేదు. ఆమె ఆశ వేరు.

రావిర్యాలలో తండ్రి దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషి. భర్త పారేసిన చిత్తు కాగితాల వెనకవైపు తానూ ఒక కథ రాసింది. పుట్టింటికి పోతానని అడగలేక గడపలోనే నిలబడిపోయిన కోడలి కథ. సగందాకా చక్కగా నడిచింది, ఆ తర్వాత ఎక్కడో చచ్చుబడింది. ఎక్కడో అంతుపట్టలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు, తన రాతలో తప్పు తనకెలా కనబడుతుంది? ఇంకో కన్ను కావాలి. ఎన్నోసార్లు వెనక్కి తగ్గి, చివరికి ధైర్యం చేసి ఆయనకు చదివి వినిపించింది. ఆయన టోపీ దుమ్ము దులుపుకుంటూ విన్నాడు.

"మంచిగుంది."

"ఏడన్న తప్పుంటె చెప్పరాదు?"

"తప్పేముంటది? ఆడిదానివి, గింత రాసుడే గొప్ప. మంచిగుంది అన్న గద. ఇగ జర చాయ్ పెట్టు."

పొయ్యి ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది. పప్పులో ఉప్పుకున్న పాటి గౌరవం కూడా తన కథకు లేకపోయింది. పప్పు తాము తినాలి కాబట్టి నాలుకకు రాసుకుని చూస్తారు. కథ ఎవరికి కావాలి? ఇంకెవరిని అడగాలి? వినిపిస్తే, పని ఎగ్గొట్టే ఉపాయమంటుంది అత్త. పత్రికకు పంపాలన్నా ఆయన చేతుల మీదుగానే పోవాలి. కాగితాలు మడిచి గూట్లో పెట్టేసింది.

వారం తిరక్కుండా ఆయన కొత్త కథతో పీట వేసుకున్నాడు. అందులో బాలింత, బిడ్డ పుట్టిన మూడోనాడే బావికి పోయి నీళ్లు చేదుతూ ఏడుస్తుంది. రేణుకమ్మ చేయి రాయి మీద ఆగింది. పురుడు వెళ్లి, బావికి పసుపు కుంకుమ పెట్టేదాకా బాలింతను అటు ఎవరు పోనిస్తారు? ఏ ముసలమ్మ విన్నా నవ్విపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కథ మంచిదే, ఆ ఒక్కచోటు సర్దితే నిలబడుతుంది. చెప్పకపోతే ఆ బాలింతకు ద్రోహం చేసినట్టే. అది తెలిసీ ఆమె రాయిలో ఇంకో గుప్పెడు జొన్నలు పోసింది.

"ఎట్లుంది?" అన్నాడు ఆయన.

"మంచిగుంది" అన్నది రేణుకమ్మ.

ఆయన ముఖం విప్పారింది. "ఒక్క వంక గూడ పెట్టలే! ఇన్నేండ్లకు నీకు కథ సమజైంది" అని, కాగితాలు జేబులో పెట్టుకుని పట్నం బస్సుకు బయల్దేరాడు.

ఆమెకు గెలిచినట్టేమీ అనిపించలేదు. మళ్లీ రాయి తిప్పసాగింది.

"పిండి బరకగ పడుతున్నది, జర సూస్కో!" లోపలినుంచి అత్త కేకేసింది.

రేణుకమ్మ వంగి పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది. నిజమే, బరకగానే ఉంది.