సిగ్నల్ లేదా

"మా అక్కకి ఒక్క ఫోను చేసి చెప్పండమ్మా, చాలు. ఆ రోజు మధ్యాహ్నం జగ్గయ్యపేటలో సిగ్నల్ లేదని చెప్పండి. నాకింకేం అక్కర్లేదు," అన్నాడు జగన్నాథరావు.

అవతల నుంచి కస్టమర్ కేర్ అమ్మాయి ఏదో అంది. రావుగారి మొహం ఎర్రబడింది.

"మీరు ఫోను చెయ్యకూడదా? ఊరందరికీ ఫోన్లు అంటగట్టే కంపెనీలో ఒక్క ఫోను చేసే దిక్కు లేదా?"

ఆ అమ్మాయి సారీ చెప్పింది. ఆయన తిట్టాడు. ఆమె మళ్ళీ సారీ చెప్పింది. ఆయన ఇంకాస్త తిట్టి, "నీకూ ఓ తమ్ముడుండే ఉంటాడుగా తల్లీ" అనబోయి, మధ్యలోనే ఫోను పెట్టేశాడు.

ఇదంతా భవానీప్రసాద్ ఇంటి అరుగు మీద. పక్కనే కూర్చున్న భవానీప్రసాద్ కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. 

"ఊరుకోండి రావుగారూ. ఆ పిల్లేం చేస్తుంది పాపం," అన్నాడు చివరికి.

"ఆ పిల్ల కాకపోతే ఎవరు చేసినట్టు మరి?"

ప్రసాద్ మళ్ళీ గ్లాసులోకి చూశాడు. ఎవరు చేశారో ఆయనకి బాగా తెలుసు. తనే చేశాడు.

సెల్‌ఫోన్ టవర్ ఉన్నది ప్రసాద్ డాబా మీదే. పేటలో జనానికి సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. సిగ్నల్ రాకపోతే కస్టమర్ కేర్‌కి చెయ్యమని కంపెనీ చెప్పేది. చేస్తే ఒకటి నొక్కు, మూడు నొక్కు, తొమ్మిది నొక్కు అని వేళ్ళు అరగదీసి, కాసేపు సంగీతం వినిపించి, కట్ చేసేది. అంత ఓపిక లేని జనం ప్రసాద్ స్టీలు సామాన్ల కొట్టుకే వచ్చేవాళ్ళు. "ఏవండీ, పొద్దుట్నుంచీ మీ సిగ్నల్ రావట్లేదు" అనేవాళ్ళు. ఆ 'మీ సిగ్నల్' అన్న మాట ఆయనకి లోలోపల మహా బాగుండేది. "పైవాళ్ళతో మాట్లాడతాలెండి" అనేవాడు. పైన డాబా మీద మాట్లాడటానికి కాకులు తప్ప ఎవరూ లేరు. అయినా జనం తృప్తిగా వెళ్ళేవాళ్ళు.

కరెంటు పోతే పెరట్లో రేకుల షెడ్డులో ఉన్న జనరేటర్ వెయ్యాలి. కంపెనీ టెక్నీషియన్ నందిగామలో ఉంటాడు కాబట్టి దాని తాళంచెవి ప్రసాద్ చేతికే ఇచ్చారు. వెయ్యాలన్నా ఆపాలన్నా అదే కావాలి. షెడ్డు సరిగ్గా ఆయన పడగ్గది కిటికీ పక్కన. అది మొదలైతే మంచం కోళ్ళు కూడా వణికేవి. పోయిన నెల, మే ఎండల్లో, మధ్యాహ్నం కోత. పప్పూ ఆవకాయా వేసుకుని సుష్టుగా తిన్నాడు. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది. అన్నీ అమిరాయి, ఆ మోత ఒక్కటే అడ్డం. లేచి వెళ్ళి జనరేటర్ ఆపేశాడు. టవర్ బ్యాటరీల మీద నడుస్తుందిలే అనుకున్నాడు. ఆ బ్యాటరీలు ముసలివైపోయాయనీ, తొందరగా చేతులెత్తేస్తాయనీ ఆయనకి తెలుసు. తెలిసీ అటు తిరిగి పడుకున్నాడు. హాయిగా నిద్ర పట్టింది. ఆ హాయే ఇప్పుడు ఆయన్ని పీక్కుతింటోంది.

ఆ నిద్ర పట్టిన వేళకే విజయవాడ ఆస్పత్రిలో జగన్నాథరావు అక్క రత్తమ్మని గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్ళబోతున్నారు. ఆవిడది జి.కొండూరు. అక్కాతమ్ముళ్ళకి రెండేళ్ళుగా మాటల్లేవు. ఆవిడ కూతురు అక్షయ పెళ్ళిలో మొదటి బంతిలో రావుగారికి విస్తరి వెయ్యలేదు. అంతే. ఆయన అలిగి, తినకుండా బస్సెక్కేశాడు. ఆవిడా బతిమాలలేదు. కానీ ఆపరేషనంటే భయమేసింది. కొడుకు నవీన్‌బాబు సెల్ తీసుకుని, తమ్ముడితో ఒక్క మాట మాట్లాడి లోపలికి వెళతానంది. చేసింది. మళ్ళీ చేసింది. నర్సులు తొందరపెడుతుంటే ఇంకోసారి చేసింది.

"స్విచ్ఛాఫంటరా. నా నంబరు చూసే కట్టేసుంటాడు," అని సెల్ కొడుక్కిచ్చి లోపలికెళ్ళింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కబురు తెలిసి రావుగారు పరిగెత్తుకెళితే ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. సిగ్నల్ లేదక్కా, వేదాద్రి నరసింహస్వామి మీద ఒట్టు అన్నాడాయన. "స్వామిని ఎందుకురా లాగుతావ్. నేను పోతే వద్దువుగానిలే," అంది. అప్పట్నుంచీ ఆయనకి ఒకటే ధ్యాస. కంపెనీ వాళ్ళ నోటితో ఆ ఒక్క ముక్క అక్కకి చెప్పించాలి.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆయన ప్రసాద్ దగ్గరికే వచ్చాడు. "జనరేటర్ నడుస్తూనే ఉందా?" అని అడిగాడు. రావుగారి ఇల్లు బస్టాండు వైపు, ఆ మోత అక్కడికి వినపడదు. "ఎందుకు నడవదూ, లోపం కంపెనీదే," అనేశాడు ప్రసాద్. వీధిలో అందరి ఫోన్లూ తన కునుకు కోసం చచ్చాయని ఎలా చెప్పటం? రేపు చెబుదాం అనుకున్నాడు. రేపటికి రావుగారు కంపెనీని ఇంకా ఎక్కువ తిట్టి ఉన్నాడు. అప్పుడు చెప్పటం ఇంకా కష్టమైంది.

"నందిగామలో వాళ్ళ ఆఫీసుంది. మొహాన్నే అడుగుదాం రండి. టవర్ మీ ఇంటి మీదుంది, మీకన్నా సాక్షి ఎవరు?" అన్నాడు రావుగారు, అరుగు మీంచి కస్టమర్ కేర్‌ని తిట్టిన మర్నాడు.

సాక్షి నందిగామ బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా రావుగారు అక్క గురించే చెప్పాడు. వీరులపాడులో చిన్నప్పుడు అమ్మ పోతే, అక్కే తనని చంకనేసుకుని తిరిగిందట. "ఆవిడ నాకు చేసిందానికి నేను పెట్టిన పేచీ ఏమిటండీ, విస్తరాకు," అన్నాడు. ప్రసాద్ కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ ఊఁ కొట్టాడు.

ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. గోడ మీద పోస్టర్లో ఒక కుటుంబమంతా ఒకే ఫోను చుట్టూ చేరి నవ్వుతోంది. టోకెన్ తీసుకుని కూర్చుంటే ఎంతకీ పిలవలేదు. పిలిచాక, కౌంటర్లో ఉషశ్రీ అని పేరు బిళ్ళ పెట్టుకున్న అమ్మాయి కంప్యూటర్లో చూసింది.

"ఆ రోజు జగ్గయ్యపేట టవర్ బానే ఉందని రిపోర్ట్ అండీ."

"బానే ఉందని ఎవడు చెప్పాడు?"

"అక్కడ టవర్ దగ్గర వాళ్ళని అడిగే రాస్తారు సార్."

ప్రసాద్‌కి గుర్తొచ్చింది. నిద్ర లేచాక నందిగామ టెక్నీషియన్ ఫోన్ చేసి ఎలా ఉందండీ అంటే, ఆవలిస్తూ "బానే ఉంది" అన్నాడు తను. లేవగానే జనరేటర్ వేసేశాడు కాబట్టి అది అబద్ధం కూడా కాదు. ఆ ఆవలింత ఇప్పుడు కంపెనీ రిపోర్టయి కూర్చుంది.

రావుగారు ఆయన భుజం పట్టుకున్నాడు. "టవర్ ఈయన డాబా మీదే ఉందమ్మా. చెప్పండి ప్రసాద్ గారూ, ఆ వేళ సిగ్నల్ ఉందా, లేదా?"

"లేదు," అన్నాడు ప్రసాద్.

"ఎందుకు లేదు సార్?" అంది ఉషశ్రీ.

ఆమె మామూలుగానే అడిగింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పెయ్యటానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ప్రసాద్ నోరు తెరిచాడు.

"మిషన్లు కదమ్మా," అన్నాడు.

తన మీద తనకే అసహ్యమేసింది. తిరుగు బస్సులో రావుగారు, "మీరొక్కరే నా మాట నమ్మారు" అన్నప్పుడు ఆ అసహ్యం ఇంకాస్త పెరిగింది.

మర్నాడు కొట్లో ఎవరూ లేకుండా చూసి ఆయన కస్టమర్ కేర్‌కి చేశాడు. కంపెనీకి నిజం చెబితే, కంపెనీయే రావుగారికి చెప్పుకుంటుందనీ, తను ఎదురుపడనక్కర్లేదనీ ఆశ. నొక్కమన్నవన్నీ నొక్కాడు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్నంతసేపూ ఆగాడు.

"నమస్కారం, నేను కృష్ణప్రియ. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"అమ్మా, పోయిన నెల జగ్గయ్యపేటలో సిగ్నల్ పోయింది. అది మీ తప్పు కాదు. నేనే తీశా."

"మీకు కలిగిన అసౌకర్యానికి క్షమించండి సార్."

"నాకు కలగలేదమ్మా. నేను కలిగించా. జనరేటర్ ఆపి పడుకున్నా."

 ఇలాంటిదానికి ఏం చెప్పాలో వాళ్ళకి ఎవరూ నేర్పి ఉండరు.

"మీ సిగ్నల్ సమస్య నమోదు చేశాను సార్. డెబ్బై రెండు గంటల్లో పరిష్కరిస్తాం. కలిగిన అసౌకర్యానికి మరోసారి క్షమించండి."

ప్రసాద్ ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. రావుగారి తిట్లు తిన్నదీ ఇలాంటి పిల్లే. సారీ చెప్పిందీ ఇలాంటి పిల్లే. తప్పు చేసినవాడికీ ఆ పిల్లలే సారీ చెబుతున్నారు. ఇంక ఫోన్లతో అయ్యే పని కాదని తెలిసిపోయింది. ఇంట్లో భార్య బాలామణికి ఏదో పనుందని చెప్పి, ఆ పూటే బస్సెక్కి, ఇబ్రహీంపట్నంలో మారి జి.కొండూరు చేరాడు. రావుగారికి చెప్పే ధైర్యం ఇంకా లేదు. అక్కకి చెబితే సగం బరువన్నా దిగుతుందనుకున్నాడు.

రత్తమ్మ వసారాలో నవారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. నవీన్‌బాబు కుర్చీ వేసి లోపలికెళ్ళాడు. ప్రసాద్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు, పప్పూ ఆవకాయతో సహా.

ఆవిడ ఓపిగ్గా విని, "మా తమ్ముడు పంపాడా?" అంది.

"లేదక్కయ్యగారూ. ఆయనకి తెలీదు."

"ఎన్ని వేషాలేసినా నా చెవులతో నేను విన్నా. స్విచ్ఛాఫని తెలుగులో చెప్పింది ఆ మనిషి."

"ఆయన ఫోను ఎప్పుడూ కట్టరమ్మా. ఇప్పుడే చేస్తా, మీరే మాట్లాడండి." ప్రసాద్ జేబులోంచి సెల్ తీసి నొక్కి, గబగబా ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.

లోపల గొంతు ప్రసాద్‌కీ వినపడింది. మీరు డయల్ చేసిన నంబరు స్విచ్ఛాఫ్ చేయబడి ఉంది.

రత్తమ్మ సెల్ తోసేయబోయింది. ప్రసాద్ చెయ్యి గట్టిగా పట్టి ఉండటంతో అది చెవి దగ్గరే ఉండిపోయింది. ఆ గొంతు ఆగలేదు. లేదా కవరేజ్ ఏరియాలో లేదు, అంది.

"లేదా ఏవిటి?" అంది రత్తమ్మ. "ఇంకోసారి పెట్టు."

మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆవిడ ఊపిరి బిగబట్టి చివరిదాకా వింది. ఆ రోజు ఆస్పత్రిలో మొదటి ముక్క వినగానే పక్కకి తీసేసింది. రెండో ముక్క ఎప్పుడూ వినలేదు.

 ప్రసాద్ చొక్కా జేబు తడుముకున్నాడు. జనరేటర్ తాళంచెవి కొట్టు తాళాలతో పాటు తన జేబులోనే ఉంది. ఇంట్లో ల్యాండ్‌లైన్‌కి చేస్తే బాలామణి తీసింది. ఆయన బయల్దేరాక వచ్చిన గాలివానకి తీగలు తెగాయట, కరెంటు లేదట, తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకుతోందట.

"అక్కడ సిగ్నల్ లేదా?" అంది రత్తమ్మ.

"లేదమ్మా." తాళంచెవి తీసి చూపించాడు. "మళ్ళీ నేనే."

ఆవిడ ఆ తాళంచెవి వంకా ఆయన వంకా చూసింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. వాడు కట్టెయ్యలేదు, అని తనలో తను అనుకుంది. తర్వాత ఆ కళ్ళతోనే ఆయన్ని చూసింది.

"ఆపరేషన్ బల్ల మీద తమ్ముణ్ణి తిట్టుకుంటూ పడుకున్నానయ్యా. లేవకపోయుంటే ఆ తిట్టే ఆఖరి మాట అయ్యేది." కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడ నిలబడి ఏడిస్తే ఏం లాభం. పో. పోయి ముందు వాడికి చెప్పు. ఆ జనరేటర్ వెయ్యి. నేను చేస్తూనే ఉంటా."

ప్రసాద్ పేటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. కరెంటు ఇంకా రాలేదు. అరుగు మీద జగన్నాథరావు కూర్చుని ఉన్నాడు, చేతిలో చచ్చిన ఫోను.

"మళ్ళీ పోయింది ప్రసాద్ గారూ. వీళ్ళ కంపెనీ నాశనమైపోను."

"కంపెనీని తిట్టకండి," అన్నాడు ప్రసాద్. తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టాడు. "నన్ను తిట్టండి. ఆ రోజు పడుకోటానికి నేనే ఆపా. ఇవాళ మీ అక్కకి ఆ మాట చెప్పటానికెళుతూ చెవి జేబులో వేసుకుపోయా."

తిట్లు వస్తాయని తల వంచుకుని నిలబడ్డాడు. కస్టమర్ కేర్ పిల్లలకి ధారాళంగా దొరికిన తిట్లు ఒక్కటీ రాలేదు. రావుగారు చెవి వంక చూసి, లేచి, పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి జనరేటర్ బర్రుమంది. ఫోనులో సిగ్నల్ గీతలు లేచేదాకా ఆయన షెడ్డు ముందే నిలబడ్డాడు. అది మోగింది.

"అక్కా," అన్నాడు. "వినపడట్లేదు. గట్టిగా చెప్పు. ఆఁ, జనరేటర్. ఆపను, ఆపను, నువ్వు చెప్పు."

ఒక చెవి మూసుకుని, ఏడుస్తూ, అరుస్తూ మాట్లాడాడు. తర్వాత పెరట్లోంచి బయటికొచ్చి, ప్రసాద్ వైపు చూడకుండా, ఫోను చెవికి ఆనించుకునే ఇంటికి నడిచిపోయాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

దీపాలు పెట్టే వేళకి కరెంటొచ్చింది. జనరేటర్ ఆగలేదు. కిటికీలు దడదడలాడుతున్నాయి.

"వెళ్ళి చెవి అడిగి తీసుకురారాదూ," అంది బాలామణి.

ప్రసాద్ మంచం మీద కూర్చుని, ఆ మోత వింటూ, వద్దన్నాడు.